మన ముక్కు మీద మాట ఎవరిది?

(కడప జిల్లా కలమల్లలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీ శరీరం, హక్కులు అనే విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఇది చాలా పెద్ద విషయం, ఒక పూటలో తెమిలేది కాదు. అందుకని శరీరంలో ఒక చిన్న చోటు ఎంచుకుని దాని గురించే మాట్లాడదామనుకున్నాను. ఆ చోటు ముక్కు. అందులోనూ రెండు రంధ్రాల నడుమ ఉండే గోడ. నేను వచ్చినప్పటి నుంచి మీలో చాలామంది చూస్తున్నది కూడా దాన్నే కాబట్టి దాచుకోవడం ఎందుకు?

ఇందాక టీ తాగేటప్పుడు ఒక అవ్వ అడిగింది: "ఏమ్మా, ఇంత చదువుకున్నదానివి, ఎద్దు మాదిరి ముకుతాడు ఏసుకున్న్యావే?" పక్కనున్న ఇంకొకామె, "అది ఎన్ని గ్రాములుంటుంది మా?" అని అడిగింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ రెండూ నవ్వి వదిలేయాల్సిన ప్రశ్నలు కావు. మొదటిది అధికారానికి సంబంధించింది, రెండోది ఆస్తికి సంబంధించింది. ఆ రెండింటికీ జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు ఇదేమిటో చెప్తాను. నా ఎడమ ముక్కుకు పుడక ఐదో ఏట పెట్టారు. పెట్టేముందు నన్నెవరూ అడగలేదు. మీలో కూడా చాలామందిని అడిగి ఉండరు. ఈ మధ్య గోడకు బెజ్జం మాత్రం నలభై దాటాక బెంగుళూరు వెళ్ళి నేనే కుట్టించుకున్నాను. మొదట సన్నగా, 1.6 మిల్లీమీటర్ల లావుతో మొదలుపెట్టి, మానిన తర్వాత నెలల తరబడి ఆగుతూ, కొంచెం కొంచెంగా పెంచి ఇప్పుడు 3.2 మిల్లీమీటర్లకు తెచ్చుకున్నాను. ఆ పని చేసేవాళ్ళ లెక్కలో 14 గేజ్ నుంచి 8 గేజ్‌కు వచ్చినట్టు. ఇదీ కరెంటు తీగె లెక్కలాంటిదే, నంబరు తగ్గేకొద్దీ లావు పెరుగుతుంది. ఇది గుర్రపు నాడా ఆకారంలో ఉన్న టైటానియం పోగు. బంగారం ఒక్క గ్రాము కూడా లేదు. పసిడిపురి అని పేరున్న ప్రొద్దుటూరు పక్కనే నిలబడి ఈ మాట చెప్పడం కష్టమే!

ఇక అవ్వ ప్రశ్న. ఎద్దుకు ముక్కు ఎందుకు కుడతారో మీకు నాకంటే బాగా తెలుసు. కోడెను కదలకుండా బిగించి, మధ్య గోడలో దబ్బనం లాంటిది దూర్చి తాడు ఎక్కిస్తారు. అక్కడే ఎందుకంటే శరీరంలో అంత సున్నితమైన చోటు తక్కువ. చిటికెడు లాగితే చాలు, ప్రాణం పోయినట్టుంటుంది. అందుకే బండెడు బరువు లాగే జంతువు పదేళ్ళ పిల్లవాడు తాడు పట్టుకున్నా వెంట నడుస్తుంది. తాడు బలం తాడులో లేదు, నొప్పి జ్ఞాపకంలో ఉంది. "దానికి ముకుతాడు వేసేవాడు రావాలి" అని పెండ్లికాని ఆడపిల్ల గురించి మాట్లాడే భాష మన ఇళ్ళలో ఉంది. ఆ మాట అనేవాళ్ళకు తామేమంటున్నారో బాగా తెలుసు.

స్త్రీవాదులు ముక్కుపుడకను, మెట్టెలను, గాజులను పితృస్వామ్యం వేసిన గుర్తులుగా చూడటం మొదలుపెట్టినప్పుడు ఈ ముకుతాడు పోలిక కూడా వచ్చింది. ఆ విమర్శ అవసరమైంది, దాన్ని నేను వెనక్కు తీసుకోవడం లేదు. అయితే ఒక తేడా ఉంది. ఎద్దు ముక్కులో ఉన్నది బెజ్జం మాత్రమే కాదు, ఆ బెజ్జంలో ఒక తాడుంది, తాడు రెండో కొస ఇంకొకరి చేతిలో ఉంది. మనం చూడవలసింది బెజ్జాన్ని కాదు, ఆ రెండో కొసను. బెజ్జం ఎంత పెద్దది అన్నది అసలు విషయమే కాదు. ఆవగింజంత పుడకకు కూడా ఇంకొకరి చేతిలో కొస ఉండొచ్చు, ఇంత లావు పోగుకు లేకపోవచ్చు.

ఆ కొస ఉందా లేదా అని తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు వేసుకుందాం. పెట్టుకోమన్నది ఎవరు? తీసేయమనే అధికారం ఎవరిది? పెట్టుకున్నా, తీసినా దాని మూల్యం ఎవరు చెల్లిస్తారు?

మొదటి ప్రశ్న, పెట్టుకోమన్నది ఎవరు? "అనాదిగా వస్తున్న ఆచారం" అన్నది సిద్ధంగా ఉండే జవాబు. ఎంత అనాది? దాదాపు రెండువేల ఏళ్ళ నాటి అమరావతి శిల్పాలు చూడండి. స్త్రీలకూ పురుషులకూ చెవులకు బరువైన నగలున్నాయి, వాటికి తమ్మెలు సాగి ఉన్నాయి. ముక్కుకు మాత్రం నగ కనబడదు. చరిత్రకారుడు ఆల్టేకర్ హిందూ నాగరికతలో స్త్రీల స్థితి మీద 1938లో తెచ్చిన పుస్తకంలో, పాత శిల్పాల్లోగానీ సాహిత్యంలోగానీ ముక్కునగ కనబడదనీ, అది మధ్యయుగంలో వచ్చిందనీ వాదించాడు. ఎవరితో వచ్చింది, ఎప్పుడు వచ్చింది అన్న దాని మీద పండితుల్లో వాదాలున్నాయి. నాకు కావలసింది ఇంతే: ముక్కుపుడక లేకపోతే ఆడదే కాదన్నట్టు మాట్లాడే సంప్రదాయానికి కూడా ఒక పుట్టిన తేదీ ఉంది. పుట్టినది మారుతుంది కూడా.

లావాటి బెజ్జం సంగతి అంతే. అది పరాయి దేశం నుంచి దిగిన పిచ్చి అని చాలామంది అనుకుంటారు. మన "కమ్మ" అనే మాట చూడండి. తాటికమ్మ అంటే ఆకు, చెవికమ్మ అంటే నగ. చెవికి పెట్టుకునేది మొదట తాటాకు చుట్టే. తమ్మె బెజ్జంలో ఆకును చుట్టి పెడితే అది విచ్చుకోవాలని చూస్తూ బెజ్జాన్ని నెమ్మదిగా పెద్దది చేస్తుంది. ఇప్పుడు బెంగుళూరులో గేజ్ పెంచడం అంటున్న పని మన జేజెమ్మలు తాటాకుతో చేసిందే. బరువు కమ్మలకు తమ్మెలు సాగిన అవ్వలను మన రాయలసీమ పల్లెల్లో మీరూ చూసే ఉంటారు.

ముక్కు మధ్య గోడకూ మనకు పాత పేరుంది. నత్తు, బేసరి, ముక్కెర, ముక్కుపుడక పక్క రెక్కకు పెట్టేవి. మధ్య గోడ నుంచి పెదవి మీదికి వేలాడేది బులాకీ. మన అమ్మవారి విగ్రహాలకు ఉంటుంది. కూచిపూడి, భరతనాట్యం ఆడే పిల్లలు బెజ్జం లేకుండానే నొక్కుడు బులాకీ పెట్టుకుంటారు. అరకు, పాడేరు కొండల్లో కొన్ని ఆదివాసీ తెగల పెద్దవయసు స్త్రీలకు మూడు ముక్కుపోగులుంటాయి, రెక్కకొకటి, మధ్యలో ఒకటి. ఒకే చోట ఒకే లోహం, చూసే చూపులు మాత్రం నాలుగు. అమ్మవారికి ఉంటే అందం. నాట్యకత్తెకు ఉంటే కళ. బెంగుళూరు అమ్మాయికి ఉంటే ఫ్యాషన్ లేదా బరితెగింపు. ఆదివాసీ స్త్రీకి ఉంటే వెనకబాటుతనం, లేదా టూరిస్టు కెమెరాకు బొమ్మ. కులాన్నీ వర్గాన్నీ బట్టి ముక్కుకు విలువ కట్టే సమాజం ఇది.

పెట్టించడంలోనే కాదు, మాన్పించడంలో కూడా ఆ స్త్రీ మాట వినబడదు. అరుణాచల్ ప్రదేశ్ జిరో లోయలో అపతాని స్త్రీలు ముక్కు రెండు రెక్కలకూ పెద్ద బెజ్జాలు చేసి నల్లటి బిళ్ళలు పెట్టుకునేవాళ్ళు. పక్క తెగలవాళ్ళు ఎత్తుకుపోకుండా తమ ఆడవాళ్ళను అందవికారంగా చేయడానికి మొదలైందని ఒక కథ చెప్తారు. బయటి పట్టణాల్లో ఎగతాళి ఎక్కువై, చదువుకున్న యువకుల సంఘాలు ఒత్తిడి తెచ్చి 1970లలో ఆ పద్ధతిని ఆపించాయి. ఆడపిల్లల ముఖాలకు బాధ తప్పింది, అది మంచిదే. కానీ మొదలుపెట్టిన కథలోనూ ఆపేసిన కథలోనూ ఆడవాళ్ళు తమ ముక్కు గురించి ఏమనుకున్నారన్నది ఎక్కడుంది? ఆచారం పేరుతో ఒకసారి, అభివృద్ధి పేరుతో ఒకసారి, రెండుసార్లూ నిర్ణయం వాళ్ళ తల మీదుగా జరిగిపోయింది.

రెండో ప్రశ్న, తీసేయమనే అధికారం ఎవరిది? దీనికి జవాబు ఈ గదిలో ఉన్న కొందరు పెద్దమ్మల ముఖాల్లోనే కనబడుతోంది. మొగుడు చచ్చిపోతే బొట్టు, గాజులు, మెట్టెలతో పాటు చాలా కులాల్లో ముక్కుపుడక కూడా తీసేస్తారు. పుట్టింటివాళ్ళు ఐదో ఏట పెట్టిన దాన్ని, మొగుడు ఎవరో కూడా తెలియని రోజుల్లో పెట్టిన దాన్ని, అతను పోయాడని తీసేస్తారు. అంటే పెట్టిన రోజు నుంచీ అది ఆమెది కాదు, రాబోయే మగవాడి పేర ఉంచిన కుదువ. ముకుతాడు రెండో కొస సరిగ్గా ఇక్కడ బయటపడుతుంది.

దీన్ని కాదన్న స్త్రీలు మనకు లేకపోలేదు. తరిగొండ వెంగమాంబ ఊరు అప్పట్లో కడప సీమలోదే. బాల్యంలోనే భర్త పోయిన వెంగమాంబ ముత్తైదువ గుర్తులు తీయననీ తల గొరిగించుకోననీ పట్టుబట్టిందనీ, పుష్పగిరి పీఠాధిపతినే ఎదిరించి నిలిచిందనీ చెప్పుకుంటారు. ఆ కథలోని మహిమల సంగతి పక్కన పెడదాం. రెండువందల ఏళ్ళకు పైగా ముందే ఒక ఆడమనిషి "నా శరీరం మీది గుర్తు నాది" అన్నదని జనం ఇప్పటికీ కథగా చెప్పుకుంటున్నారంటే, ఆ మాట అవసరం జనానికి తెలుసన్నమాట.

తీసేయమనేది కుటుంబం ఒక్కటే కాదు, సంస్థలూ అంటాయి. దక్షిణాఫ్రికాలో పిళ్ళై కేసు అని ఒకటుంది. 1860 నుంచి చెరకు తోటల్లో కూలికి మద్రాసు రేవు నుంచి ఓడల్లో వెళ్ళిన తెలుగువాళ్ళూ తమిళులూ అక్కడి నేటాల్ ప్రాంతంలో స్థిరపడ్డారు. అలాంటి తమిళ మూలాలున్న ఇంటి ఆడపిల్ల 2004లో సెలవుల్లో ముక్కు కుట్టించుకుని డర్బన్‌లోని తన ఆడపిల్లల హైస్కూలుకు వచ్చింది. బడి నిబంధనల్లో చెవి పోగుకు చోటుంది, ముక్కుపుడకకు లేదు. తీసేయమన్నారు. తల్లి కోర్టుకెళ్ళింది. మొదటి కోర్టులో ఓడిపోయింది, హైకోర్టులో గెలిచింది. చివరికి 2007 అక్టోబరు 5న ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం, ప్రధాన న్యాయమూర్తి పయస్ లాంగా రాసిన తీర్పులో, బడి చేసింది వివక్ష అని తేల్చింది. అప్పటికి ఆ పిల్ల బడి చదువు ముగించేసింది కూడా.

ఆ తీర్పులో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. "ఇది మతంలో తప్పనిసరి కాదు కదా, ఇష్టమైతే పెట్టుకునేదే కదా" అని బడి వాదించింది. తప్పనిసరి కానంత మాత్రాన రక్షణ లేకుండా పోదని కోర్టు అన్నది. మనిషి తన ఇష్టంతో, తనకు తాను ముఖ్యమనుకుని ఆచరించేది కూడా ఆ మనిషి గౌరవంలో భాగమే. ఒకరికి అనుమతిస్తే ఇంకా చాలామంది తమ గుర్తులు పెట్టుకుని వస్తారంటే దానికి భయపడక్కరలేదనీ, సంతోషించాలనీ కూడా అన్నది.

ఈ డర్బన్ ముక్కుపుడక మన పక్క రాష్ట్రం దాకా వచ్చింది. 2022లో కర్ణాటక హైకోర్టులో హిజాబ్ కేసు నడిచినప్పుడు విద్యార్థినుల తరఫున ఈ తీర్పును చూపించారు. ముక్కుపుడక కంటికి ఆననంత చిన్నది, దానివల్ల యూనిఫాం ఒకేలా ఉండటానికి భంగం లేదు, కాబట్టి ఆ కేసు దీనికి వర్తించదని హైకోర్టు 2022 మార్చి 15న చెప్పింది. అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా తీర్పు చెప్పడంతో విషయం పెద్ద ధర్మాసనానికి పోవలసి వచ్చింది. హిజాబ్ మీద మనలో వేర్వేరు అభిప్రాయాలుండొచ్చు. నేను చూపదలచుకున్నది ఆ కొలత. చిన్నదిగా, కనబడకుండా ఉంటే సహిస్తాం, పెద్దదిగా కనబడితే సహించం! ఇది మన ఇళ్ళలో ఆడపిల్లలకు చెప్పే మాటే. నవ్వు, కానీ వినబడకుండా. చదువు, కానీ ఎదురు మాట్లాడకుండా. హక్కును మిల్లీమీటర్లలో కొలవడం మొదలుపెడితే అది హక్కు కాదు, దయ.

మన రాజ్యాంగం దయ గురించి మాట్లాడలేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తేల్చారు. ఏం తినాలో, ఎలాంటి బట్టలు కట్టుకోవాలో రాజ్యం వచ్చి చెప్పడం ఎవరికీ ఇష్టముండదని ఆ తీర్పులో మన కృష్ణా జిల్లా నుంచి వెళ్ళిన న్యాయమూర్తి చలమేశ్వర్ రాశారు. అయితే ఆ తీర్పు రాజ్యం చేతిని పట్టుకుని ఆపగలదు గానీ, అత్త చేతిని, మేనమామ చేతిని, మేనేజరు చేతిని పట్టుకోవడానికి సంఘం కావాలి. అందుకే మనం ఇక్కడ కూర్చున్నాం.

మూడో ప్రశ్న, మూల్యం ఎవరు చెల్లిస్తారు? దీంట్లో స్త్రీలందరం ఒకటి కాదు. నన్ను ఒక విద్యాసంస్థ వాళ్ళు ఉపన్యాసానికి పిలిచి, వేదిక ఎక్కే ముందు, "మేడం, అది పైకి మడిస్తే ముక్కులోపలికి పోతుందటగా, ఈ గంటసేపు మడుచుకోండి" అన్నారు. నిజమే, ఈ నాడా పోగును తిప్పితే లోపలికి పోయి కనబడదు. నేను మడవలేదు. మాట్లాడి వచ్చేశాను. ఆ తర్వాత వాళ్ళు పిలవలేదు. నేను చెల్లించిన మూల్యం ఇంతే. నెల నెలా కాంట్రాక్టు రెన్యూవల్ కోసం ఎదురుచూసే ఆయానో, బట్టల షాపులో నిలబడి పనిచేసే అమ్మాయో ఇదే పని చేస్తే జీతం పోతుంది.

బెంగుళూరులో, హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్న మన సీమ ఆడపిల్లలు కొందరు నాకు తెలుసు. వాళ్ళకూ మధ్య పోగు ఉంది. ఊరికి బస్సెక్కాక పోగును లోపలికి మడిచేస్తారు. ఇంట్లో ఉన్నన్ని రోజులు తుమ్ము వచ్చినా భయమే. దీన్ని పిరికితనం అని నేననను. ఇరవై రెండేళ్ళకు తన జీతంతో తాను బతుకుతూ కూడా తన ముక్కును దాచుకుని ఇంటికి రావలసిన స్థితి ఆ పిల్ల తప్పు కాదు. వైద్య విద్య కోసం నీట్ రాసే ఆడపిల్లలు పరీక్షా కేంద్రం గేటు దగ్గర ముక్కుపుడక తీయలేక ఏడుస్తూ నిలబడటం కూడా మనం చూస్తున్నాం. ఇంట్లో తీయకూడదంటారు, గేటు దగ్గర తీయాల్సిందే అంటారు. ఆ నడుమ ఆ పిల్లకు పోయేది పరీక్ష రాయాల్సిన మనసు.

ఇప్పుడు "ఎన్ని గ్రాములు" అన్న ప్రశ్నకు వద్దాం. నేను టైటానియం అనగానే ఆమె ముఖం చిన్నబోయింది. ఆమె బాధ నాకర్థమైంది. భూమి పేరు మీద లేని, బ్యాంకు పుస్తకం చేతిలో లేని ఆడదానికి ఒంటి మీది బంగారమే ఆస్తి. కరువొచ్చినప్పుడు, బిడ్డకు జబ్బు చేసినప్పుడు తాకట్టుకు పోయేది అదే. కాబట్టి నగలన్నీ బానిస గుర్తులే, తీసి పారేయండి అని నేను చెప్పను. కానీ ఆ బంగారం ఎవరిదో తెలుసుకోండి. పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు మీకిచ్చిన నగలు స్త్రీధనం. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: స్త్రీధనం మీద పూర్తి హక్కు భార్యది, భర్త చేతిలో ఉన్నా అతను దాన్ని భద్రపరిచేవాడు మాత్రమే, అడిగినప్పుడు ఇవ్వకపోతే అది నమ్మకద్రోహం కింద నేరం. మొగుడు పోయాడని మీ ముక్కు నుంచి తీసిన ముక్కెర అత్తగారి పెట్టెలోకి పోకూడదు. తీయడమే తప్పు. తీసినా అది మీదే.

చాలామంది అడగాలనుకుని అడగలేకపోతున్న ఇంకో విషయం ఉంది. "మా పిల్ల ఇది కుట్టించుకుంటానంటోంది, ప్రమాదమా?" హక్కు గురించి మాట్లాడి జాగ్రత్త గురించి చెప్పకపోతే సగం మాటే అవుతుంది. ముక్కు మధ్య గోడలో ముందు భాగాన, మృదులాస్థి మొదలయ్యే ముందు, పలచటి మెత్తటి చోటు ఉంటుంది. బెజ్జం అక్కడ పడాలి. తెలియనివాళ్ళు మృదులాస్థిలోనే గుచ్చితే నొప్పి, చీము, వంకర. ఒక్కసారే వాడి పారేసే సూది కావాలి. మిగతా సామాను ఆవిరి పీడనంలో శుద్ధి చేసినదై ఉండాలి. ఒకే సూదితో నలుగురికి కుడితే హెపటైటిస్ బి, హెచ్ఐవి ఒకరి నుంచి ఒకరికి పోతాయి. ఇది సంతలో పసిపిల్లలకు ముక్కు, చెవులు కుట్టించేటప్పుడు కూడా వర్తిస్తుంది. తుపాకీలాంటి యంత్రంతో ముక్కు కుట్టించకూడదు, అది కండను చిదుముతుంది. నికెల్ కలిసిన చవక లోహం పడని ఒళ్ళు చాలామందిది. మానడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అన్నాళ్ళూ శుభ్రమైన ఉప్పునీటితో కడగడం, ఊరికే చేత్తో తిప్పకపోవడం ముఖ్యం. పూర్తిగా మానకముందే లావు పెంచాలని తొందరపడితే చర్మం చిరుగుతుంది. బాగా లావు చేసిన బెజ్జం తర్వాత వద్దనుకున్నా పూర్తిగా పూడకపోవచ్చు, అది ముందే తెలిసి ఒప్పుకోవాలి. కుట్టించుకున్నాక లోపల ఉబ్బి రెండు రంధ్రాలూ మూసుకుపోతున్నట్టున్నా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. లోపల రక్తమో చీమో చేరి మృదులాస్థికి రక్తం అందకపోతే అది కరిగి ముక్కు దూలం కుంగిపోతుంది. నాపరాయి పాలిష్ దగ్గర, నూర్పిడి మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళు దుమ్ము సంగతి, ఇరుక్కుని లాగేసే ప్రమాదం సంగతి కూడా ఆలోచించుకోవాలి. ఇవన్నీ తెలిసి "సరే" అంటేనే అది ఒప్పుకోలు. తెలియకుండా అన్నది ఒప్పుకోలు కాదు, పెద్దవాళ్ళ విషయంలోనైనా సరే.

ఇక రెండు అభ్యంతరాలు. మొదటిది నా తోటి స్త్రీవాదుల నుంచి వస్తుంది. "మార్కెట్ అమ్మే ఫ్యాషన్‌ను స్వేచ్ఛ అనుకుంటున్నావు. ఒక ముకుతాడు తీసి ఇంకొకటి వేసుకోవడమేగా ఇది?" అంటారు. మార్కెట్ ఉందని నాకు తెలుసు. 1960లలో మన దేశానికి వచ్చిన పడమటి యువత ఇక్కడి ముక్కుపోగులు చూసి తీసుకుపోయింది, ఇప్పుడు అది అక్కడి నుంచి పెద్ద నగరాల షాపుల్లోకి తిరిగి వచ్చి మనకే అమ్ముడవుతోంది. నా కోరిక ఈ లోకం గాలి సోకకుండా పుట్టిందని నేను చెప్పుకోను. ఎవరి కోరికా అలా పుట్టదు. అందుకే నేను "ఇది నా ఇష్టం" దగ్గర ఆగిపోకుండా ఆ మూడు ప్రశ్నలు వేస్తున్నాను. పెట్టుకోమన్నది నేనే. రేపు పొద్దున విసుగొస్తే తీసేస్తాను, ఎవరికీ చెప్పక్కరలేదు. దీనివల్ల వచ్చే నష్టం భరించగల స్థితిలో ఉన్నాను. మూడో జవాబు నాకు దొరికినట్టు ప్రతి స్త్రీకీ దొరకాలన్నదే పోరాటం. అది దొరకనంత కాలం నా స్వేచ్ఛ ఒక సౌకర్యమే గానీ హక్కు కాదు.

రెండో అభ్యంతరం ఈ ఊరిది. "థర్మల్ బూడిద ఇళ్ళ మీద పడుతోంది, నాపరాళ్ళ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతోంది, నీళ్ళకు, కూలికి ఇబ్బంది. ఇక్కడికొచ్చి ముక్కుపోగు గురించి మాట్లాడతావా?" అనొచ్చు. అనాలి కూడా. కానీ ఒకటి ఆలోచించండి. ఆ దుమ్ము పీల్చేదీ ఈ ముక్కే. నీ శరీరానికి ఏం జరగాలో ఇంకొకరు నిర్ణయిస్తారు, నువ్వు నోరు మూసుకుని భరించాలి అన్న పాఠం ఆడపిల్లకు మొదటిసారి ఎక్కడ నేర్పుతారు? ఐదో ఏట, ఒళ్ళో బిగించి పట్టుకుని, ఏడిస్తే బెల్లంముక్క నోట్లో పెట్టి నేర్పుతారు. ఆ పాఠం నేర్చుకున్న పిల్ల పెద్దయ్యాక క్వారీలో మాస్కు అడగదు, ఆస్పత్రిలో ఈ ఆపరేషన్ ఎందుకని అడగదు, సంతానం వద్దని చెప్పదు. ముక్కు దగ్గర మొదలైన మౌనం ముక్కు దగ్గర ఆగదు.

మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊరుంది. కోవిడ్‌లో చాలామంది మగవాళ్ళు పోయాక, 2022 మే నెలలో ఆ ఊరి గ్రామసభ ఒక తీర్మానం చేసింది. మా ఊళ్ళో భర్త పోయిన స్త్రీకి గాజులు పగలగొట్టడం, కుంకుమ తుడవడం, మెట్టెలు తీయడం ఇక ఉండవు అని. అదే నెలలో ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలన్నీ అలాగే చేయాలని ఉత్తర్వు పంపింది. తీర్మానంతోనే ఆచారం చచ్చిపోదు. కానీ రేపు ఒక చావింట్లో ఎవరైనా ఆమె ముక్కు దగ్గరికి చెయ్యి పెట్టబోతే, "ఊరు వద్దన్నది" అని అడ్డం నిలబడటానికి ఒక కాగితం ఉంటుంది.

అలాంటి కాగితం ఇక్కడా కావాలని నా ప్రతిపాదన. అందులో మూడు మాటలు చాలు. ఆడపిల్ల తనకు కావాలో వద్దో చెప్పగల వయసు వచ్చేదాకా ముక్కు కుట్టించం. భర్త పోయిన స్త్రీ ఒంటి మీది ఏ గుర్తునూ ఇంకొకరు తీయరు, ఉంచుకోవడం తీయడం ఆమె ఇష్టం. పెద్దయిన పిల్ల ఏ పోగు పెట్టుకున్నా, అసలేమీ పెట్టుకోకపోయినా, ఇంటికి రావడానికి అది అడ్డం కాదు.

ఈ ఊరికి రాతకు సంబంధించిన పేరుంది. రేనాటి చోళుల కాలంలో, క్రీస్తుశకం 575 ప్రాంతంలో, ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం ఇక్కడి చెన్నకేశవాలయం ఆవరణలో దొరికింది. దొరికినంతలో తెలుగులో మొట్టమొదటి శాసనం అదే. రాతికెక్కిన ఆ మొదటి తెలుగు మాట రాజుగారిది. ఇప్పుడు రాయి అక్కరలేదు, పంచాయతీ మినిట్సు పుస్తకం చాలు. వచ్చే గ్రామసభకు మీరంతా కలిసి పోయి, ఆ మూడు మాటలు చదివి వినిపించి, రాయమని అడగండి. రాసేదాకా అక్కడి నుంచి లేవకండి. రాశాక కింద సంతకాలు, వేలిముద్రలు మీవి ఉండాలి.